చిన్న కమతము – పాత ట్రాక్టరు

మల్లాపూరున నేడు పొలములకంటె కర్మాగారములే హెచ్చు. అయినను ఇచ్చటను, నాచారము, ఉప్పల్ ప్రాంతములందును కాపురముండి, ఘటకేసరమునకు ఆవల రెండు మూడెకరములు సేద్యము చేయించు గృహస్థులు గలరు. 2015-16 వ్యవసాయ గణనము ప్రకారము తెలంగాణమున సగటు కమతము ఒక హెక్టారు మాత్రమే. ఇంతమాత్రపు భూమికి క్రొత్త ట్రాక్టరు కొనుట అప్పులపాలగుటయే. కావున పాతవానిని వెదకుచున్నారు. వెదకుట తప్పుగాదు, వెదకు తీరే మాకు నచ్చకున్నది.

వీరు మొదట అశ్వశక్తి నడుగుదురు. పిమ్మట రంగు చూతురు. 50 అశ్వశక్తుల బండి చిన్న మడిలో తిరుగలేక మూలలు విడిచిపెట్టును, దమ్ములో తన బరువునకు తానే దిగబడును. చెల్క దుక్కికిని, కొలది మడుల దమ్మునకును 25 మొదలు 35 వరకు చాలును.

ఈ తరగతి పాతబండ్లలో రెంటిని గూర్చి చెప్పవలసియున్నది. 1971లో హెచ్.ఎం.టి. వారు పింజోరున చెకొస్లొవేకియా జెటార్ సహకారముతో ఆరంభించిన 25 అశ్వశక్తుల బండి యొకటి. 1974లో పంజాబు ట్రాక్టర్సు వారు వెలువరించిన స్వరాజ్, అందును ఇంచుమించు అంతే శక్తిగల 724, రెండవది. దీనికి మూలమైన నమూనాను దుర్గాపురపు కేంద్ర పరిశోధనాలయమున మనవారే రూపొందించిరి. ఆ పేరు విన్నంతనే మా హృదయము పొంగునని యొప్పుకొనుచున్నాము. కాని పొంగిన హృదయము గేరుపెట్టెను బాగుచేయదు గదా! స్వరాజ్‌ను మేము ముందుంచుటకు హేతువు వేరు. ఆ పేరిటి బండ్లు నేటికిని తయారగుచున్నవి, విడిభాగములు దొరకును. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగమునో, 2016లో కేంద్రప్రభుత్వము మూసివేయ నిశ్చయించెను. మన పొరుగున మౌలాలిలోని హెచ్.ఎం.టి. బేరింగుల కర్మాగారమునకును ఆ యేడే ఆ గతి పట్టెను. జెటార్ యంత్రము గట్టిదే; దాని నెరిగిన మెకానిక్కు చేరువనున్నవాడు కొనవచ్చును. లేనివాడు దుక్కి కాలమున ఒక్క పళ్లచక్రము కొరకు ఊరూర తిరుగవలసివచ్చును.

కొనువారు ఉదయమే పోయి, యంత్రము చల్లగా నుండగా తామే నడిపి చూడవలెను. ముందుగా వేడిచేసి యుంచిన బండి తన రోగమును దాచును. నీలిపొగ ఎడతెగకున్నచో ఇంజనునూనె కాలుచున్నదని యెరుగునది. నాగలి నెత్తించి యంత్రము నాపవలెను. అది వెంటనే క్రిందికి జారినచో లిఫ్టు చెడినది. రిజిస్ట్రేషను పత్రమున బ్యాంకు తాకట్టు మిగిలియున్నచో, బాకీ తీరినదను పత్రము చూడనిదే బయానా ఈయరాదు.

ఇంత చూచి కొన్నను, మూడెకరముల రైతుకు ఏడాదిలో దానితో పని కొలది దినములే. తక్కిన కాలమున కొట్టమున తుప్పుపట్టును. నలుగురు ఇరుగుపొరుగువారు కలిసి యొకటి కొనరాదా యని మా ప్రశ్న. ఎవరి మడి ముందను తగవు వచ్చునందురు. వచ్చును. అందుకే వంతు లెవరివి, డీజిలు ఎవరిది, మరమ్మతు ఖర్చు ఎవరిదను సంగతులు తొలకరికి ముందే కాగితముపై వ్రాసికొని నలుగురును సంతకములు చేయవలెను.