పదమూడవ రౌండును మరచిన వాదము

ముష్టియుద్ధమునందు అభిరుచి గలవారు నలుగురు కూడినచోట నేడు తరచుగా వినవచ్చు సిద్ధాంతమొకటి కలదు. వెనుకటి తరముల హెవీవెయిట్ విజేతలు ఎంతటి కీర్తిశాలురైనను నేటి మహాకాయుల యెదుట నిలువజాలరనియు, అయిదడుగుల పది అంగుళముల పొడవును 188 పౌండ్ల బరువును గల రాకీ మార్సియానోను ఆరడుగుల తొమ్మిది అంగుళముల టైసన్ ఫ్యూరీ యెదుట నిలిపినచో అది పోరు గాక వధయే యగుననియు, కావున పూర్వవీరులకు మనమిచ్చు అగ్రస్థానము గతకాలముపై మమకారమే గాని వివేకము కాదనియు ఆ సిద్ధాంతసారము. కొలబద్దను త్రాసును చేతబట్టి పలుకు మాట గనుక దీనికి శాస్త్రీయమను గౌరవము సులభముగా లభించినది. అయినను ఈ సిద్ధాంతము పొరపాటనియు, పొరపాటు మాత్రమే గాక, మరణించి తమ పక్షమును తాము చెప్పుకొనలేని వారిపట్ల అన్యాయమనియు నేను దృఢముగా నమ్ముచున్నాను. ఆ నమ్మకమునకు గల హేతువులను పాఠకుల ముందుంచుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

ముందుగా ప్రతిపక్షమునకు దక్కవలసిన సత్యమును దానికి ఇచ్చివేయుట ధర్మము. బరువు బలమే. 1897లో కార్సన్ సిటీ యందు 167 పౌండ్ల దేహముతో జేమ్స్ కార్బెట్‌ను పడగొట్టి ప్రపంచ విజేతయైన బాబ్ ఫిట్జ్‌సిమ్మన్స్, రెండేండ్ల పిమ్మట, తనకంటె దాదాపు 40 పౌండ్లు అధికుడైన జేమ్స్ జెఫ్రీస్ చేతిలో పదునొకండవ రౌండున కూలిపోయెను. 1962లో సన్నీ లిస్టన్ తనకంటె పాతిక పౌండ్లు తక్కువైన ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ను తొలి రౌండునందే ముగించెను. మరుసటి యేట వారిరువురు మరల తలపడినప్పుడును అదియే జరిగెను. పొడవైన చేయి దూరమునుండి కొట్టగలదు. భారమైన దేహము దగ్గరి పెనుగులాటలో మీదికి వ్రాలి ఎదుటివాని కాళ్ల సత్తువను హరింపగలదు. బరువుల వారీగా తరగతులు ఏర్పడుటకు మూలము ఈ అనుభవమే. దీనిని నేను కాదనుట లేదు.

అయితే బరువు ఒక బలమనుటకును, బరువే నిర్ణేత యనుటకును మధ్య గల అగాధమును ఈ సిద్ధాంతకర్తలు ఒక్క గంతున దాటివేయుచున్నారు. 1919 జూలై 4న టొలీడో నగరమున 187 పౌండ్ల జాక్ డెంప్సీ, ఆరడుగుల ఆరున్నర అంగుళముల పొడవును 245 పౌండ్ల బరువును గల జెస్ విల్లార్డ్‌ను మొదటి రౌండునందే ఏడుమారులు నేలగూల్చెను. మూడు రౌండ్లు ముగిసిన పిదప ఆ మహాకాయుడు నాలుగవదానికి లేవలేకపోయెను. 1935 జూన్ 25న యాంకీ స్టేడియమునందు ఇరువదియొకటేండ్ల జో లూయిస్ 196 పౌండ్ల దేహముతో, 260 పౌండ్ల ప్రీమో కార్నెరాచేత ఆరవ రౌండున పోరు మాన్పించెను. ఆ లూయిసే ఆరేండ్ల తరువాత తనకంటె పాతిక పౌండ్లు తక్కువైన బిల్లీ కాన్ అను యువకుని చేతిలో దాదాపు ఓడిపోయినంత పని చేసెను. బరువే విధాత యగునేని కార్నెరా యెదుట లూయిస్ పడిపోవలసియుండెను. లూయిస్ యెదుట కాన్ క్షణమాత్రమైనను నిలువరాదు.

ఇందుకు ప్రతిపక్షులు చెప్పు సమాధానము నేనెరుగనిది కాదు. వారి వాదములన్నింటిలో బలమైనదియు అదియే. విల్లార్డ్, కార్నెరా మొదలగు నాటి మహాకాయులు దేహమే గాని విద్య లేనివారనియు, నేటివారు దేహముతో పాటు విద్యను గూడ అభ్యసించినవారనియు, ఎడమచేతి జాబ్ ఒక్కదానితోనే రౌండ్లకు రౌండ్లు ప్రత్యర్థిని దూరమున నిలిపివేసిన వ్లాదిమిర్ క్లిచ్కో వంటివాడు ఆనాడు లేడనియు వారందురు. ఆ మాటలో సత్యమున్నది. కాని ఆ సత్యము ఎవరి పక్షమున నిలుచుచున్నదో వారు చూచుకొనలేదు. విల్లార్డ్ ఓడుట విద్య లేమిచేత ననియు, క్లిచ్కో గెలుచుట విద్య కలిమిచేత ననియు ఒప్పుకొనినప్పుడు, నిర్ణేత విద్యయే గాని దేహము కాదని వారే తీర్పు చెప్పినవారైరి.

మరి విద్య గల మహాకాయుని యెదుట విద్య గల చిన్నవాని గతియేమని అడుగుదురేని, అందుకు ఊహలతో పని లేదు. 200 పౌండ్లు మించరాని క్రూజర్‌వెయిట్ తరగతిలో 2018 నాటికి బిరుదులన్నింటిని గెలిచి, ఆ పిమ్మట హెవీవెయిట్‌లోనికి వచ్చిన ఒలెక్సాండర్ ఉసిక్, 2024 మే 18న రియాద్ నగరమున ఓడించినది మరెవరినో కాదు, మార్సియానోను వధించునని వీరు చెప్పు ఆ ఫ్యూరీనే. అదే యేడు డిసెంబరు 21న వారు మరల తలపడినప్పుడు ఉసిక్ 226 పౌండ్లు, ఫ్యూరీ 281 పౌండ్లు తూగిరి. ముగ్గురు న్యాయనిర్ణేతలును 116-112గా ఉసిక్‌కే విజయమిచ్చిరి. ఉసిక్ ఆరడుగుల మూడంగుళముల వాడనియు, మార్సియానో అంతటి చిన్నవాడు కాడనియు నేనొప్పుకొందును. కాని టొలీడోలో డెంప్సీకిని విల్లార్డ్‌కును మధ్య గల వ్యత్యాసము 58 పౌండ్లు. రియాద్‌లో వ్యత్యాసము 55 పౌండ్లు. నూటయైదేండ్ల యెడమున, ఇంచుమించు ఒకే భారమును లోకము రెండుమారులు తూచి చూచినది. రెండుమారులును తేలికవాడే గెలిచెను.

బరువు సంగతి అట్లుండగా, ఇద్దరు యోధుల లక్షణములను పట్టికలుగా వ్రాసి కూడికలు తీసివేతలు చేసి ఫలితము చెప్పవచ్చునను నమ్మకమే మూలమున దోషభూయిష్ఠము. 1971 మార్చి 8న జో ఫ్రేజియర్ ముహమ్మద్ అలీని ఓడించెను. 1973 మార్చిలో కెన్ నార్టన్ అలీ దవడ యెముకను విరుగగొట్టి మరల ఓడించెను. ఆ ఫ్రేజియర్‌ను 1973 జనవరిలో కింగ్‌స్టన్ నగరమున ఆరుమారులు పడగొట్టి జార్జ్ ఫోర్‌మన్ రెండవ రౌండుననే ముగించెను. ఆ నార్టన్‌ను 1974 మార్చిలో కారకస్ నగరమున అట్లే రెండవ రౌండుననే ముగించెను. ఇంతవరకు చూచిన గణకుడెవడైనను ఫోర్‌మన్ యెదుట అలీ ప్రాణములతో బయటపడిన చాలుననియే లెక్కకట్టును. ఆనాడు లోకమును అట్లే లెక్కకట్టెను. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో అలీ త్రాళ్లకు చేరగిలబడి, ఫోర్‌మన్ గ్రుద్దులను చేతులతోను నడుముతోను భరించి, వాని భుజముల సత్తువ వానిచేతనే వెచ్చపెట్టించి, ఎనిమిదవ రౌండున పడగొట్టెను. ఈ నలుగురు ఒకే కాలమువారు. ఒకే నియమములకు లోబడి పోరాడినవారు. మూడు నాలుగేండ్ల వ్యవధిలో ఒకరినొకరు ఎదుర్కొన్నవారు. కన్నులయెదుట నున్నవారి విషయముననే ఇంత ఘోరముగా తప్పిన లెక్క, డెబ్బదియేండ్ల యెడమున నున్న ఇరువురి విషయమున తప్పదని ఏ ధైర్యముతో చెప్పగలము?

పరుగుపందెముల దృష్టాంతమును కొందరు ముందుకు తెచ్చెదరు. 1936లో బెర్లిన్ నగరమున జెస్సీ ఓవెన్స్ నూరు మీటర్లను 10.3 సెకండ్లలో పరుగెత్తగా, 2009లో అదే నగరమున ఉసేన్ బోల్ట్ 9.58 సెకండ్లలో పరుగెత్తెను. ముష్టియుద్ధము మాత్రము ఏల పురోగమింపదని వారి ప్రశ్న. పరుగెత్తువాడు గడియారముతో పోటీపడును. గడియారమునకు కపటము లేదు, భయము లేదు, అది తిరిగి కొట్టదు. ముష్టియోధుడు తన్నెరిగిన మనుష్యునితో పోటీపడును. ఆ యెరుక రింగునందు తప్ప మరియొకచోట లభింపదు. మార్సియానో 1947 మొదలు 1955 వరకు ఎనిమిదిన్నర యేండ్లలో 49 పోరాటములు చేసెను. ఫ్యూరీ 2024 వరకు పదునారేండ్లలో 37 చేసెను. ఆహారశాస్త్రము, వ్యాయామశాస్త్రము వృద్ధినొందిన మాట నిజమే. కాని పోరాటములు విరళమైనప్పుడు, పోరాటమే నేర్పు విద్య కూడ వృద్ధినొందినదని చెప్పుటకు ఆధారమేది?

ఇక అన్నింటికంటె ముఖ్యమైన ప్రశ్నను ఈ సిద్ధాంతకర్తలు అడుగనే అడుగరు: ఆ ఊహాయుద్ధము ఎవరి నియమముల ప్రకారము జరుగవలెను? డెంప్సీ కాలమున పడినవాని తలవైపున నిలిచి లేచీలేవగానే కొట్టవచ్చును. తటస్థమూలకు పోవలెనను కట్టుబాటు పిమ్మట వచ్చినది. నాటి గ్లవులు నేటి పది ఔన్సుల గ్లవులకంటె తేలికైనవి. వీనికంటె మిన్నయైనది రౌండ్ల సంఖ్య. 1982 నవంబరులో కొరియా దేశపు యువకుడు డుక్ కూ కిమ్ పోరునందు తగిలిన దెబ్బలచేత మరణించిన దుర్ఘటన పిమ్మట, ప్రపంచబిరుదు పోరాటములు పదునైదు రౌండ్లనుండి పండ్రెండింటికి కుదింపబడినవి. అది కరుణతో చేసిన మార్పు, మంచి మార్పు. కాని దాని ఫలితమేమో గమనింపుడు. 1941లో లూయిస్ మీద కాన్ పండ్రెండు రౌండ్లు ముగియునప్పటికి పాయింట్లలో ముందుండెను. పదమూడవ రౌండున లూయిస్ వానిని పడగొట్టెను. 1952 సెప్టెంబరు 23న ఫిలడెల్ఫియాలో జెర్సీ జో వాల్కట్ మార్సియానోను తొలి రౌండునందే ఒకమారు పడద్రోసి, పండ్రెండు రౌండ్ల తరువాత ముగ్గురు నిర్ణేతల పత్రములందును ముందుండెను. పదమూడవ రౌండున మార్సియానో కుడిచేయి ఒక్కమారు తగిలినంతనే వాల్కట్ త్రాళ్లమీదికి జారి కూలిపోయెను. నేటి నియమములే ఆనాడుండినచో కాన్ విజేత, వాల్కట్ విజేత, మార్సియానో పరాజితుడు. ఆ యోధులు తమ దేహములను పదునైదు రౌండ్ల ప్రయాణమునకై తీర్చుకొనినవారు. నేటి మహాకాయుల దేహములు పండ్రెండింటికి తీర్చబడినవి. పదమూడవ రౌండున 281 పౌండ్ల దేహమును మోయు కాళ్లు ఎట్లుండునో నేటివారికి తెలిసికొను అవసరమే కలుగలేదు.

ఈ సూక్ష్మమును మనవారు ఏనాడో గ్రహించిరి. భారతమున శల్యపర్వమందు భీమ దుర్యోధనుల గదాయుద్ధవేళ, వీరిలో అధికుడెవ్వడని అర్జునుడడిగినప్పుడు, బలమున భీముడును అభ్యాసమున దుర్యోధనుడును అధికులని కృష్ణుడు వివరించెను. బలము చాలునని చెప్పలేదు. నాభికి దిగువను కొట్టరాదను నియమమును మీరి తొడలు విరుగగొట్టినందుననే భీముడు గెలిచెను. ఆ నియమభంగమునకే బలరాముడు ఆగ్రహోదగ్రుడయ్యెను. నియమమును విడిచి జయాపజయములను మాట్లాడరాదని ఆ కథ తెలిసిన జాతికి వేరుగా చెప్పవలెనా?

యంత్రముచేత ఈ వివాదమును తేల్చు ప్రయత్నము కూడ జరిగినది. 1967లో మయామీకి చెందిన మర్రీ వరోనర్ అను రేడియో నిర్మాత పూర్వ విజేతల వివరములను కంప్యూటరునకు అందించి ఊహాయుద్ధములను ప్రసారము చేయగా, అందులో జెఫ్రీస్ చేతిలో తాను ఓడినట్లు విని అలీ పదిలక్షల డాలర్లకు దావా వేసెను. ఆ తగవు రాజీపడి, 1969లో అలీ మార్సియానోలు ఇరువురును స్వయముగా ఒక చలనచిత్రమునకై తలపడిరి. యుద్ధవ్యతిరేకత కారణముగా అలీ అప్పుడు రింగునుండి బహిష్కృతుడు. మార్సియానో విరమించి పదమూడేండ్లైనది, కృత్రిమకేశములు ధరించి, పెరిగిన బరువును తగ్గించుకొని వచ్చెను. అనేకములైన ముగింపులు చిత్రింపబడెను. ఫలితమును ఎరుగకయే మార్సియానో 1969 ఆగస్టు 31న విమానప్రమాదమున మరణించెను. 1970 జనవరిలో అమెరికాలో ప్రదర్శింపబడిన చిత్రమున పదమూడవ రౌండున మార్సియానో గెలిచెను. ఈ తీర్పు నా పక్షమునకు అనుకూలమే. అయినను నేను దీనిని ప్రమాణముగా స్వీకరింపను. యంత్రమునకు అందించిన అంకెలను మనుష్యులే వ్రాసిరి. ఎట్లు వ్రాసిరో అట్లే అది పలికినది. నేడు కొలబద్దతో పలుకువారును చేయుచున్నది అదియే.

పూర్వులందరును నేటివారిని గెలుతురని నేను వాదించుట లేదు; అదియు ఈ సిద్ధాంతము వంటి మూఢత్వమే. ఫ్యూరీ యెదుట మార్సియానో గెలుచునని నేను చెప్పను. ఓడునని చెప్పుటకు వారికి అధికారము లేదని మాత్రము చెప్పుచున్నాను. యోధుని కొలుచుటకు న్యాయమైన మార్గము ఒక్కటే: తన కాలమున, తన నియమములలో, తన యెదుట నిలిచిన వారినెల్ల వాడేమి చేసెను? ఆ ప్రశ్నకు లూయిస్ ఇరువదియైదుమారులు బిరుదును నిలుపుకొని సమాధానమిచ్చెను. ఉసిక్ తనకంటె పెద్దవారిని వెదకి వెదకి ఓడించి సమాధానమిచ్చుచున్నాడు. మార్సియానో 49 మారులు రింగున నిలిచెను. 49 మారులును గెలిచెను, వానిలో 43 మారులు నాకౌట్‌గా గెలిచెను. ఏబదియవ పోరును మనము కాగితముపై సృష్టించి మార్సియానోకు ఓటమి అంటగట్టుట తగదు.

పాఠకులకు నా మనవి ఒక్కటియే. 1952 నాటి ఆ ఫిలడెల్ఫియా పోరాటపు చలనచిత్రము నేటికిని లభ్యమగుచున్నది. కొలతల పట్టికను ప్రక్కనబెట్టి, దానిని మొదటినుండి ఓపికతో చూడుడు. పండ్రెండవ రౌండు గంట మ్రోగినప్పుడు మాత్రము లేచిపోకుడు.