ఆఫీసులో ఐదు నిమిషాల యోగా, మిల్లులో ఆరు గంటల దాకా విరామం లేదు

నరసరావుపేటలో ఇంకా తెల్లవారకముందే చీపుళ్ళు రోడ్డెక్కుతాయి. కలెక్టరేట్‌లో ఉద్యోగులు కుర్చీల్లో కూర్చునే వేళకి పారిశుధ్య కార్మికులు వీధులు ఊడ్చి, తోపుడు బండి నిండా చెత్త లాగి, కాలవలో పూడిక ఎత్తి ఉంటారు. కుర్చీలో కూర్చున్న ఉద్యోగితో ప్రభుత్వం ‘మీరు కదలడం లేదు, ఆరోగ్యం పాడవుతుంది’ అంటుంది. చీపురు పట్టిన మనిషిని మాత్రం ‘ఎక్కడున్నావు, ఫొటో ఏది’ అని అడుగుతుంది.

ఉద్యోగుల చేత వ్యాయామం చేయించాలన్న ఆలోచనను మేము తప్పు పట్టడం లేదు. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. షుగరు, బీపీ ఇంటింటికీ వచ్చాయి. 2019 ఆగస్టులో ఫిట్ ఇండియా ఉద్యమం మొదలైంది. 2021 సెప్టెంబరులో ఆయుష్ శాఖ ‘వై-బ్రేక్’ యాప్ తెచ్చింది. పని మధ్యలో ఐదు నిమిషాలు ఆగి యోగా చేయాలన్నది దాని ఉద్దేశం. దీన్ని వాడేలా ఉద్యోగులను ప్రోత్సహించమని కేంద్రం అన్ని మంత్రిత్వ శాఖలకూ లేఖ రాసింది. 2025లో మన రాష్ట్రం మే 21 నుంచి జూన్ 21 దాకా నెల రోజులు ‘యోగాంధ్ర’ జరిపింది. విశాఖ సముద్ర తీరాన చివరి రోజున మూడు లక్షల మందిని కూర్చోబెట్టి గిన్నిస్ రికార్డు కూడా సాధించింది.

సరిగ్గా ఆ నెలలోనే ఇంకో పని జరిగింది. ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి రోజు పనిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. సెప్టెంబరులో అసెంబ్లీ ఆ బిల్లును ఆమోదించింది. పత్రికలన్నీ పది గంటల మీద రాశాయి. మాకు అంతకన్నా గుచ్చుకున్నది విరామం సంగతి. అంతకుముందు ఐదు గంటలు పని చేయించాక తప్పనిసరిగా విరామం ఇవ్వాలి. ఇప్పుడు దాన్ని ఆరు గంటలు చేశారు. ఓవర్‌టైం పరిమితిని మూడు నెలలకు 75 గంటల నుంచి 144 గంటలకు పెంచారు. వారానికి 48 గంటలు దాటదు కదా అని ప్రభుత్వం అంటోంది. ఆ 48 గంటలు ఎవరు తెచ్చిందో కూడా చెప్పాలి. అంతకుముందు 54 గంటలుండేది. 1946లో అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉండగా చట్టాన్ని సవరించి 48కి దించారు.

కుర్చీలో కూర్చునేవారికి మధ్యలో లేచే ఐదు నిమిషాలు దొరికాయి. మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు ఎత్తేవారికి, పత్తి మిల్లులో దుమ్ము మింగేవారికి కూర్చునే సమయం ఇంకో గంట వెనక్కి జరిగింది.

‘వాళ్ళకి వ్యాయామం ఎందుకు, పనే వ్యాయామం’ అనే మాట మనం వింటూనే ఉంటాం. పొలం పనికి వెళ్ళే ఆడవాళ్ళకు రోగాలు రావని పెద్ద చదువులు చదివినవాళ్ళే చెప్తుంటారు. అది నిజం కాదు. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో లక్షా నాలుగు వేల మందిని ఏళ్ళ తరబడి పరిశీలించి 2021లో ఫలితాలు ప్రచురించారు. తీరిక వేళల్లో బాగా వ్యాయామం చేసేవారికి మరణ ముప్పు 40 శాతం తగ్గింది. ఉద్యోగంలో భాగంగా చాలా బరువు పని చేసేవారికి మాత్రం 27 శాతం పెరిగింది. గుండెపోటు, పక్షవాతం లాంటి జబ్బుల ముప్పు 35 శాతం పెరిగింది. ఒళ్ళు కదలడం రెండు చోట్లా ఉంది. కానీ వ్యాయామం చేసేవాడు అరగంట చేసి, అలిసిపోతే ఆగి, ఇంటికెళ్ళి నీళ్ళు తాగుతాడు. కూలి మనిషి ఆగాలంటే మేస్త్రి ఒప్పుకోవాలి. గంటల తరబడి బరువు మోస్తే రక్తపోటు ఎక్కువగానే ఉండిపోతుంది, గుండెకు తేరుకునే సమయం ఉండదు అన్నది పరిశోధకులు చెప్పే వివరణల్లో ఒకటి. ఎండలకు రాష్ట్రమంతా పేరు చెప్పుకునే రెంటచింతల మన జిల్లాలోనే ఉంది. అక్కడ మే నెలలో పలుగు పట్టే గుండెకు డెన్మార్క్ చలిలో పని చేసే గుండెకన్నా ఎంత భారమో వేరే చెప్పాలా?

ఇక కొలతల విషయం. ఆఫీసరు చేతికి ఉన్న స్మార్ట్ వాచీ ఆయన నడిచిన అడుగులు లెక్కేసి ఆయనకే చెప్తుంది. ఇష్టం లేకపోతే తీసి బల్ల మీద పెడతాడు. నాగపూర్, చండీగఢ్, పంచ్‌కులా నగరపాలక సంస్థలు పారిశుధ్య కార్మికుల చేతికి జీపీఎస్ వాచీలు కట్టాయి. అందులోని లెక్క కార్మికుడికి కాదు, పైఅధికారి కంప్యూటర్‌కి వెళ్తుంది. మాకేమైనా గొలుసులా అని కార్మికులు ఆందోళనకు దిగారు. మురుగు కాలవలు, సెప్టిక్ ట్యాంకుల్లో పని చేసేవారిలో 67.91 శాతం ఎస్సీలని 2024 డిసెంబరులో కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. అలాంటి వాచీ ఎవరి చేతికి పడుతుందో దీన్ని బట్టి ఊహించవచ్చు.

గురజాల, మాచర్ల పల్లెల్లో ఉపాధి పనికి వెళ్ళే మన వాడల ఆడవాళ్ళకు ఈ కొలత కొత్త కాదు. 2023 జనవరి నుంచి పని చోట రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే రోజంతా తవ్వినా హాజరు లేనట్టే. తవ్విన గుంత కొలిచి కూలి కడతారు. 2025-26లో మన రాష్ట్రంలో రోజుకు 307 రూపాయలు. గట్టి నేలలో గుంత లోతు తగ్గితే అదీ తగ్గుతుంది. తమాషా ఏమిటంటే, ఫొటోను ఫొటో తీసి ఎక్కిస్తున్నారని, సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే సర్క్యులర్ ఇచ్చింది. దొంగ లెక్క రాసేవాడిని ఆపలేని యాప్ చెమటోడ్చినవాళ్ళ కూలిని మాత్రం ఆపగలదు. ఆ డిసెంబరులో పాత చట్టం తీసేసి కొత్తది తెచ్చారు, ఈ డిజిటల్ నిఘా అందులోనూ ఉంది.

బ్రహ్మనాయుడి చాపకూడు గురించి గొప్పగా చెప్పుకునే సీమ మనది. ఆఫీసుల్లో మన పిల్లలు కూడా ఉన్నారు, సచివాలయాల్లో, కంప్యూటర్ల ముందు. వాళ్ళకు ఆ ఐదు నిమిషాలు కావాలి, ఉండాలి కూడా. అదే ఆఫీసులో అటెండరు, స్వీపరు ఆ ఐదు నిమిషాల్లో ఏం చేస్తున్నారో ఒకసారి చూడండి. యోగా మ్యాట్లు పరుస్తూ ఉంటారు.

పల్నాడులో చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మున్సిపల్ కార్మికులు ఉదయం హాజరు వేసే చోటనే నెలకోసారి బీపీ, షుగరు చూడాలి. ఆ చీటీ కార్మికుడి చేతికే ఇవ్వాలి, దాన్ని సాకుగా పెట్టి పనిలోంచి తీయకూడదు. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి, అందరికీ నీడ, మంచినీళ్ళు ఉండాలి. వేసవిలో పని గంటలు తగ్గించాలి, కూలి తగ్గించకుండా. 2022 జూలై సమ్మెలో పారిశుధ్య కార్మికులు నెలకు 6 వేల రూపాయల హెల్త్ అలవెన్సు నిలబెట్టుకున్నారు. ఆ డబ్బు మందులకు సరిపోవచ్చు. విరామం మాత్రం దానితో కొనుక్కోలేరు. ఆరు గంటలన్న ఆ సవరణను వెనక్కి తీసుకోమని అడగాల్సింది కార్మిక సంఘాలు ఒక్కటే కాదు. వై-బ్రేక్‌తో లాభం పొందిన ఉద్యోగ సంఘాలు కూడా ఆ మాట అనాలి. ఇప్పటిదాకా మాకు వాళ్ళ గొంతు వినపడలేదు.