రొయ్య కడుపు గోల మనకెందుకు?

మొన్న శనివారం చెన్నైలో ఆఫీసు పని లేకపోయేసరికి తడ వెళ్ళాను. అక్కడికి దగ్గర్లో మా మేనమామకి రెండు రొయ్యల గుంటలున్నాయి. (తడ 2022 నుంచి తిరుపతి జిల్లా. మామ మాత్రం ఇప్పటికీ నెల్లూరనే అంటాడు.) గట్టు మీంచి చూస్తే ఒక గుంటలో నీళ్ళ మీద తెల్లటి దారప్పోగుల్లాంటివి తేలుతున్నాయి. రొయ్యల మలం అది.

"వైట్ గట్ రా అల్లుడూ" అన్నాడు మామ.

షెడ్డులోకి వెళ్తే ప్రోబయోటిక్ డబ్బాలు, మినరల్ బస్తాలు, వాటి పక్కన ఏదో పొడి. అందులో ఏముందో డబ్బా మీద రాసిలేదు. మందుల షాపతను అప్పుకిచ్చాడట, పంట అమ్మాక లెక్క చూసుకుంటారట.

నా గొడవంతా ఇక్కడే. రొయ్య పేగు ఒక సన్నటి, పొట్టి గొట్టం. అందులో చేరే బ్యాక్టీరియా చాలావరకు మేత నుంచీ, నీళ్ళ నుంచీ, అడుగు బురద నుంచీ వస్తుంది. పైగా రొయ్య పెంకు విడిచినప్పుడల్లా పేగు ముందు, వెనక భాగాల లోపలి పొర కూడా ఊడిపోతుంది. మన భాషలో ఫార్మాట్ కొట్టి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడమన్నమాట. చుట్టూ ఏముంటే అదే ఇన్‌స్టాల్ అవుతుంది. మేత ఎక్కువేస్తే మిగిలింది అడుగున కుళ్ళి విబ్రియో బ్యాక్టీరియా పెరుగుతుంది, రొయ్య పోయి ఆ బురదే గెలుకుతుంది. అలాంటి గుంటలో డబ్బాడు మంచి బ్యాక్టీరియా పోయడమంటే, మెమరీ లీక్ అలాగే ఉంచి రోజూ సర్వర్ రీస్టార్ట్ చేయడమే.

మేతకి అంత బలముందా అంటారా? నార్వే వాళ్ళ సాల్మన్ చేపల సంగతి చూడండి. చేపపిండి ఖరీదని మేతలో సోయాపిండి పెంచితే పేగు చివరి భాగం వాస్తోందని 1990ల్లోనే తేల్చారు. పేగులోని బ్యాక్టీరియా కూడా మారిపోతుంది. వనామీ రొయ్య సాల్మన్ కాదు, సోయాని బాగానే అరిగించుకుంటుంది. కానీ మేత మారితే పేగులో కాపురముండేవాళ్ళు మారడం దీనికీ తప్పదు.

అలాగని తప్పంతా మేతదే అనను. ఈ తెల్ల మలం వెనక చాలాసార్లు ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి ఉంటుంది, విబ్రియో దానికి తోడవుతుంది. ఈహెచ్‌పీ బ్యాక్టీరియా కాదు కాబట్టి యాంటీబయాటిక్ దాన్నేమీ చేయలేదు. ఆ పేరులేని పొడిలో ఉన్నది యాంటీబయాటిక్కే అయితే రోగం అక్కడే ఉంటుంది, పోయేది మంచి బ్యాక్టీరియా. ఆపైన ఎగుమతి దగ్గర సరుకు వెనక్కొస్తుంది. మన రొయ్యల మీద తనిఖీని యూరప్ 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది ఇలాంటి అవశేషాల వల్లే.

ఇదంతా చెప్తే మామ, "మేత తగ్గిస్తే కౌంట్ రాదు. అప్పు నువ్వు కడతావా?" అన్నాడు. నిజమే, కట్టను. పెట్టుబడిలో సగం పైన మేతకే పోతుంది, ఆయన భయం ఆయనది. నాకు కోపమల్లా ఆ భయానికి డబ్బాలమ్మేవాళ్ళ మీద. అన్నట్టు, తవుడూ బెల్లం పులియబెట్టి గుంటలో పోయడం మామకి ఎప్పట్నుంచో అలవాటు. అది మూఢనమ్మకం అనుకునేవాణ్ణి. కాదు, బెల్లం తిని పెరిగే బ్యాక్టీరియా నీళ్ళలోని అమ్మోనియాని కూడా వాడేసుకుంటుంది. నా ఉపన్యాసం కంటే అది నయం, చవక కూడా.

చివరికి మామ ఒక్క గుంటకి ఒప్పుకున్నాడు. చెక్ ట్రేలో మేత మిగిలితే తర్వాతి పూట కోత, ఆ పొడి బంద్. రెండో గుంట ఆయనిష్టం. పట్టుబడికి ఇంకా నలభై రోజులుంది.