ఫుట్‌నోట్లలోనూ వెలివాడే

మా అమ్మ వేలిముద్ర. మా అయ్య పాలేరు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది నేనే మొదలు. ఇప్పుడు సర్కారు బడిలో టీచర్ని. ఇట్లాంటోడు పబ్లిక్ పాలసీ పరిశోధన గురించి మాట్లాడితే కొందరికి నవ్వొస్తది. నవ్వుకోండి. ఆ పరిశోధనకి ముడిసరుకు మా బడీ, మా వాడే.

2006లో ఐదుగురు ఆర్థికవేత్తలు ఒక అమెరికా పత్రికలో వ్యాసం అచ్చేశారు. ఆరు దేశాల్లో చెప్పాపెట్టకుండా బడులకి మనుషుల్ని పంపి లెక్క తీశారు. భారతదేశపు సర్కారు ప్రైమరీ బడుల్లో 25 శాతం టీచర్లు ఆ వేళకి బడిలో లేరన్నారు. ప్రపంచమంతా ఆ వ్యాసాన్ని ఉదహరించింది. లెక్క అబద్ధమని నేననను. బడికి రాని టీచర్ని వెనకేసుకురాను. వాడు రాకపోతే చెడేది మా వాడ పిల్లల బతుకే. నా గొడవల్లా ఒకటే: ఆ అంకె దేశాలు తిరిగింది, ఆ పిల్లల తల్లుల మాట మాత్రం ఊరి పొలిమేర దాటలేదు.

1964లో యూజీన్ గార్‌ఫీల్డ్ సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. ఏ వ్యాసాన్ని ఎవరు ఉదహరించారో వెతుక్కోడానికి అదొక దారి. రాన్రాను అదే మనిషి విలువ కట్టే తక్కెడయింది. మన దగ్గర యూజీసీ 2010లో అధ్యాపకుల పరిశోధనకి పాయింట్లు కట్టింది. ఆ తక్కెడలో ఇంగ్లీషు రాళ్ళే తూగుతయ్. పేరున్నోడికే ఇంకా పేరొస్తదని 1968లో మెర్టన్ రాశాడు. ఆ సంగతి మా వాడలో ముసలమ్మనడిగినా చెప్తది.

మా ఊళ్ళో ఆడపిల్లలు ఏడో తరగతి తర్వాత ఎందుకు మానేస్తున్నారో రెండేళ్ళు ఇంటింటికీ తిరిగి తెలుగులో రాశాను. ఒక సెమినార్లో చదివితే ఒక ప్రొఫెసరు, "నీ డేటా బాగుందయ్యా, మాకిచ్చెయ్. థియరీ మేం చూసుకుంటాం" అన్నాడు. సిద్ధాంతం ఒకళ్ళ సొత్తు, సమాచారం మోసేది ఇంకొకళ్ళా అని గోపాల్ గురు 2002లోనే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో నిలదీశాడు. ఆ కూలి ఇంకా మాచేతే చేయిస్తున్నారు. 1925లో బ్రిటిష్ ఇండియా ప్రొవిన్షియల్ ఫైనాన్సు మీద పుస్తకం రాసిన అంబేద్కర్‌ని కూడా రిజర్వేషన్ల పేజీ దగ్గరే ఆపేస్తారు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మీరే రాయండి. తెలుగులో రాయండి, ఇంగ్లీషులోనూ రాయండి. మనవాళ్ళు రాసింది వెతికి ఉదహరించండి. రేపు సర్వే కాగితం పట్టుకుని ఎవరొచ్చినా, జవాబు చెప్పేముందు ఒక ప్రశ్న వెయ్యండి: ఇందులో మా పేరెక్కడ?