ఇంటి వైఫై పశువుల కొట్టమునకు చేరవలెనన్న

గ్రామములలో ఇంటర్నెట్టు గల ఇండ్లు పెరుగుచున్నవి. కాని ఇంటి గోడ దాటి నాలుగడుగులు వేయుసరికి అది అందుట లేదు. రైతునకు దానితో అసలు పని ఆ గోడ కవతలనే, దొడ్డిలోని పశువుల కొట్టములోను, కోళ్ల షెడ్డులోను ఉన్నది. ఈనబోవు గేదెను చూచుటకై వానరాత్రి పాము భయముతో పలుమార్లు లేచి వెళ్లు ఇల్లాలిని అడిగినచో, కొట్టములో ఒక చిన్న కెమెరా ఉండుట యెంత మేలో చెప్పును. కెమెరా గేదెకు పురుడు పోయదు. లేచి వెళ్లవలసిన వేళను తెలుపును. అంతే చాలును.

అయితే దీనికై మన రైతులు డబ్బు ఖర్చు చేయు తీరు నాకు సరిగా తోచుట లేదు. అంగడిలో 'బూస్టరు' కొని, దానిని కొట్టములో తగిలించి, పని చేయలేదని మూలన పడవేయుచున్నారు. లోపము తరచు పరికరములో లేదు, పెట్టిన చోటులో ఉన్నది. బూస్టరు తనకు అందిన సంకేతమును మరల పంపునే గాని క్రొత్తగా పుట్టించదు. సంకేతమే చేరని కొట్టములో దానిని పెట్టుట ఎండిన బావికి మోటారు బిగించుట వంటిది. ఇంటికిని కొట్టమునకును నడుమ, సంకేతము ఇంకను బాగుగా అందుచోట దానిని ఉంచవలెను. అప్పుడును, ఒకే రేడియో గల బూస్టరులో వేగము ఇంచుమించు సగమగును. ఇక కొట్టమునకు చుట్టును రేకులున్నచో సంకేతము లోనికి పోవుట కష్టము.

కావున దూరము 100 మీటర్ల లోపైనచో గాలిని గాక తీగను నమ్ముకొనుట మేలని నా అభిప్రాయము. రాగి ఈథర్‌నెట్ కేబులు అంత దూరము వరకు చక్కగా పని చేయును. రాగి పూత పూసిన అల్యూమినియము తీగ చవుకగా దొరకును గాని దానిని కొనరాదు. కేబులును గొట్టములో దూర్చి, నాగలికి, గునపమునకు అందని లోతున పాతవలెను. కెమెరాకు కావలసిన కరెంటును కూడ అదే కేబులులో ఇంటి నుండి పంపు పరికరములున్నవి. కొట్టము వద్ద కరెంటు లేకున్నను పని జరుగును.

ఒక హెచ్చరిక. కేబులును కరెంటు స్తంభములకు కట్టరాదు, కరెంటు తీగతో కలిపి ఒకే గొట్టములో వేయరాదు. ఇది ప్రాణములతో చెలగాటము. సమీపమున పిడుగు పడినచో రెండు కట్టడములను కలుపు రాగి తీగ వెంట విద్యుత్తు పారి పరికరములు కాలిపోవచ్చును. పిడుగులు ఎక్కువగా పడు చోట్ల, 100 మీటర్లు దాటిన చోట్ల, లోహపు తీగ లేని ఆప్టికల్ ఫైబరు శ్రేష్ఠము. గాజుపోగు విద్యుత్తును మోయదు.

నడుమ బాటయో, ఇతరుల పొలమో ఉండి త్రవ్వుటకు వీలు లేనిచో, ఇంటిపై నొకటి, కొట్టముపై నొకటి ఎదురెదురుగా రేడియోలను అమర్చవచ్చును. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో ఇట్టి వాడకమునకు, నిర్ణీత శక్తి పరిమితికి లోబడి, భారత ప్రభుత్వము 2018లో లైసెన్సు అవసరమును తొలగించినది. అయితే ఒకదానికొకటి కనబడుట మాత్రమే చాలదు. దూరము 200 మీటర్లైనచో, నడిమధ్యన చూపుగీతకు చుట్టును సుమారు 2 మీటర్లు ఖాళీ ఉండవలెను. వేసవిలో చక్కగా పని చేసినది చెరకు ఎదిగిన పిదప తడబడుటకు కారణమిదియే. రేడియోలను ఎదిగిన పైరును లెక్కించి ఎత్తున కట్టవలెను.

గ్రామోద్యోగులకు నా మనవి యొక్కటే. రైతు సలహా అడిగినప్పుడు ఏ పరికరము కొనవలెనో చెప్పుటకు ముందు, అతనితో కూడ టేపు పట్టుకొని ఇంటి నుండి కొట్టము వరకు నడువుడు. దూరము కొలువుడు, అడ్డులను చూడుడు. కొలిచిన పిమ్మట ఖర్చు చేసిన రూపాయి వృథా కాదు.