ఇంటర్వ్యూ బోర్డుకి మన పెళ్లితో ఏం పని?

లెక్చరర్ వుద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్న స్త్రీని ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు కొన్ని వున్నాయి. పెళ్లయిందా? మీవారెక్కడ పనిచేస్తారు? పిల్లల్ని ఎవరు చూసుకుంటారు? రోజూ అంత దూరం రాగలరా? వీటిని నేనూ ఎదుర్కొన్నాను. నాతో చదువుకున్నవాళ్లూ, నా దగ్గర చదువుకున్నవాళ్లూ ఎదుర్కొన్నారు. "మా అమ్మాయిలాంటిదానివని అడిగామమ్మా" అని బోర్డులోని పెద్దలు దాన్ని ఆత్మీయతగా చెప్పుకుంటారు. పిల్లాడికి జ్వరమొస్తే ఎవరు చూస్తారని ఏ మగ అభ్యర్థినైనా అడిగారని మాత్రం నేనింతవరకూ వినలేదు.

ఈ ప్రశ్నలకి సరైన జవాబు లేదు. పెళ్లికాలేదంటే, రేపు పెళ్లి చేసుకుని వెళ్లిపోతుందంటారు. అయిందంటే, ప్రసూతి సెలవు అడుగుతుందంటారు. పిల్లలున్నారంటే, మనసంతా ఇంటిమీదే వుంటుందంటారు. పిల్లల పెంపకం తల్లి ఒక్కదాని బాధ్యతగా చేసిన సమాజమే, ఆ బాధ్యతని చూపించి ఆమెకి వుద్యోగం నిరాకరిస్తోంది.

ఇది మర్యాదకి సంబంధించిన విషయం మాత్రమే కాదు. యుజిసి 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకం గురించి ఏముందో చూడండి. డిగ్రీల మార్కులు, పిహెచ్‌డి, నెట్, ప్రచురణలు, అనుభవం ఇవన్నీ కలిపిన అకడమిక్ స్కోరు ఇంటర్వ్యూకి పిలవడానికి మాత్రమే. ఎంపిక ఇంటర్వ్యూ మీదే. అంటే ఏళ్ల తరబడి చదివిన చదువంతా గుమ్మం దాకా తీసుకొస్తుంది. లోపల కొద్ది నిమిషాల సంభాషణ వుద్యోగాన్ని తేలుస్తుంది. ఆ కొద్ది నిమిషాల్లో సగం మన సంసారం గురించి గడిస్తే మన పాఠం ఎవరు విన్నట్టు?

వీటిని అడిగే హక్కు యాజమాన్యాలకి వుందా? జీవిత బీమా సంస్థలో చేరే స్త్రీలు తమ నెలసరి తేదీలు, గర్భధారణ వివరాలు ఫారంలో రాయాల్సి వచ్చేది. ప్రసూతి సెలవు పెట్టాక తొలగించబడిన నీరా మాథుర్ కేసులో 1991లో సుప్రీంకోర్టు ఆమెని తిరిగి వుద్యోగంలోకి తీసుకోమంది, ఆ ప్రశ్నల్ని ఫారంలోంచి తీసెయ్యమంది. కాగితం మీద అడగకూడదన్నదాన్ని నోటితో అడగడం ఎలా న్యాయమవుతుంది? ప్రభుత్వ వుద్యోగాల్లో లింగవివక్ష కూడదని రాజ్యాంగం 16వ అధికరణం చెప్తూనే వుంది.

కాంట్రాక్టు, గెస్ట్ లెక్చరర్ల పరిస్థితి మరీ అన్యాయం. ఏటా జూన్‌లో మళ్లీ దరఖాస్తు, మళ్లీ అవే ప్రశ్నలు. గర్భం కనిపిస్తే "ఈ ఏడాది అవసరం లేదు" అన్న ఒక్క మాటతో సరి. కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనాలు పూర్తిగా ఇవ్వాలని ఢిల్లీలోని ఒక వైద్యురాలి కేసులో సుప్రీంకోర్టు 2023లో తీర్పు చెప్పింది. మంచిదే. కానీ ఆ తీర్పు వుద్యోగంలో వున్నదాన్ని కాపాడుతుంది. గుమ్మంలోనే వెనక్కి పంపబడినదాన్ని ఎవరు కాపాడాలి?

బోర్డులో ఒక స్త్రీ వుంటే చాలదా అని కొందరంటారు. స్త్రీ అభ్యర్థులున్నప్పుడు బోర్డులో స్త్రీ ప్రాతినిధ్యం వుండాలని 2018 నిబంధనలే చెప్తున్నాయి. కానీ ఆమెని పంపేది వైస్ చాన్సలరే. ఆమె ఒక్కతే కూర్చుని మౌనంగా సంతకం పెడితే మనకి ఒరిగేదేమీ లేదు.

అందుకని సంఘాలుగా మనం అడగాల్సినవి కొన్నున్నాయి. పెళ్లి, గర్భం, పిల్లల గురించి అడగరాదని ఇంటర్వ్యూ పిలుపు లేఖలోనే అచ్చువెయ్యాలి. అభ్యర్థులందరికీ ఒకే రకమైన డెమో పాఠం పెట్టి, దానికి మార్కులు విడిగా చూపించాలి. అడిగిన ప్రశ్నల్ని నమోదు చెయ్యాలి. ఇంటర్వ్యూ నుంచి బయటికొచ్చిన స్త్రీ తననేమడిగారో, ఎవరడిగారో అదేరోజు తేదీతో రాసిపెట్టుకోవాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే 2005 సమాచార హక్కు చట్టం కింద తన మార్కులడగాలి. ఒక్కతే ఫిర్యాదు చేస్తే "గొడవమనిషి" అన్న ముద్ర వేసి ఇంకెక్కడా పిలవరు. పదిమంది రాసిచ్చినవి కలిపి సంఘం తరఫున పంపితే ఆ ముద్ర ఎవరిమీదా పడదు. ఆ కాగితాలు సేకరించే పని మనం మొదలుపెట్టాలి.