మెదడు స్కాను డేటా మొత్తం రోగికి అందాలి: హోసూరు, కృష్ణగిరి ప్రజలకు విజ్ఞప్తి

తలకు తీసే సీటీ స్కాను నిజానికి ఒక పెద్ద అంకెల పట్టిక. యంత్రం తల చుట్టూ తిరుగుతూ ఎక్స్‌రేలు పంపుతుంది. ఏ చోట కిరణాలు ఎంత ఆగిపోయాయో కంప్యూటర్ లెక్కగట్టి, పుర్రె లోపలి ప్రతి చిన్న చోటుకూ ఒక అంకె ఇస్తుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000, గడ్డకట్టిన తాజా నెత్తురుకు సుమారు 50 నుంచి 70, గట్టి ఎముకకు వెయ్యి, ఆపైన. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన ఈ యంత్రం 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటి రోగి మెదడును చూపించింది. 1979లో ఆయనకూ, ఈ లెక్కకు గణితం సమకూర్చిన అలన్ కార్మాక్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది.

స్కాను అయ్యాక బంధువుల చేతికి సాధారణంగా వచ్చేది మాత్రం ఒక ఫిలిం, ఒక పేజీ రిపోర్టు. ఫిలిం మీద గళ్లుగళ్లుగా కనిపించే బొమ్మలు మామూలుగా 5 మిల్లీమీటర్ల మందం ముక్కలవి. కొత్త యంత్రాలు అంతకంటే ఎంతో పలుచని, మిల్లీమీటరు మందం ముక్కలు కూడా ఇవ్వగలవు. అవి సెంటర్ కంప్యూటర్‌లోనే ఉండిపోయి, కొన్నాళ్లకు చెరిగిపోతాయి. సర్జన్‌కు కావలసింది అవే.

తేడా ఎక్కడ వస్తుందో రోడ్డు ప్రమాదంలో తెలుస్తుంది. కృష్ణగిరి దగ్గర 44, 48 నంబరు జాతీయ రహదారులు కలుస్తాయి. అలాంటి చోట ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినప్పుడు పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య నెత్తురు చేరితే, మనిషి మొదట బాగానే మాట్లాడి, కొన్ని గంటల్లో స్పృహ తప్పవచ్చు. ఆ గడ్డ 30 ఘన సెంటీమీటర్లు దాటితే రోగి తెలివిలో ఉన్నా తీసేయాలన్నది అంతర్జాతీయ మార్గదర్శకం. పొర కింద చేరిన నెత్తురైతే 10 మిల్లీమీటర్లకు మించిన మందం, లేదా మెదడు మధ్యగీత 5 మిల్లీమీటర్లకు మించి జరగడం హద్దు. పూర్తి డేటా ఉంటే ఈ కొలతలు కంప్యూటర్ మీద కొద్ది నిమిషాల పని.

మెదడు, నరాల వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి ఉన్నది బెంగళూరు హోసూరు రోడ్డు మీదే. హోసూరు నుంచి దూరం 40 కిలోమీటర్ల లోపే అయినా అత్తిబెలె, ఎలక్ట్రానిక్ సిటీ, సిల్క్‌బోర్డు దాటేసరికి ఎంతసేపవుతుందో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. ఆ సమయంలో స్కాను డేటా అంబులెన్సు కంటే ముందే సర్జన్ కంప్యూటర్‌కు చేరవచ్చు. రెండో స్కాను అవసరమైనా, గడ్డ పెరిగిందో లేదో తేల్చడానికి మొదటిదాని అంకెలు ఉండాలి. తల స్కానుల్లో నెత్తురునూ, పగుళ్లనూ కంప్యూటరే గుర్తించి డాక్టరును హెచ్చరించే పద్ధతిని భారతదేశంలోనే, సుమారు 20 కేంద్రాల నుంచి తెచ్చిన 3 లక్షలకు పైగా స్కానులతో తయారుచేసి, 2018లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. దానికీ మేత డిజిటల్ డేటాయే.

మెదడులో పెరిగే కణితుల (ట్యూమర్ల) ఆపరేషన్లలో లెక్క ఇంకా లోతుగా ఉంటుంది. ఎమ్మారై నుంచి కణితి ఆకారాన్నీ, దాన్ని ఒరుసుకుని పోయే నరాల దారులనూ కంప్యూటర్ మీద నమూనాగా కడతారు. అయితే పుర్రె తెరిచాక ద్రవం కారి మెదడు కుంగుతుంది. ఒక్కోసారి సెంటీమీటరు దాకా జరుగుతుంది. అప్పుడు ఉదయం తీసిన పటం తప్పుదారి పట్టించవచ్చు. మెదడును చిన్న చిన్న తునకలుగా విభజించి, ఏ తునక ఎటు జరుగుతుందో గణించి ఆ పటాన్ని సరిదిద్దే పద్ధతులు వచ్చాయి. బైకు ఫ్రేము ఎక్కడ వంగుతుందో చూడడానికి వాహన పరిశ్రమ వాడే ఫైనైట్ ఎలిమెంట్ లెక్క కూడా ఇదే. బైకులు, లారీలు తయారుచేసే హోసూరులో ఆ విద్య తెలిసిన ఇంజనీర్లకు కొదవలేదు.

హోసూరు, డెంకణికోట, బాగలూరు, వేపనపల్లి వైపు తెలుగువాళ్లకు ప్రత్యేకంగా పట్టే సంగతి మరొకటి ఉంది. మాటకు సంబంధించిన భాగాల దగ్గర కణితి ఉంటే రోగిని మెలకువగా ఉంచి, మెదడు మీద సన్నని కరెంటు తాకిస్తూ బొమ్మలు చూపి పేర్లు అడుగుతారు. చాట బొమ్మ చూసి ఆ మాట నోటికి రాకుండా ఆగిపోతే, ఆ చోటును కోయరు. రెండు భాషలు వచ్చిన ఇద్దరు రోగుల్లో కొన్ని చోట్ల ఒక భాషకు ఎక్కువగా, ఇంకో భాషకు తక్కువగా ఆటంకం కలగడాన్ని 1978లో జార్జ్ ఓజెమన్, హ్యారీ విటేకర్ ప్రచురించారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పనిలో కన్నడం మాట్లాడే మనిషిని ఒక్క ఇంగ్లీషులోనో కన్నడంలోనో పరీక్షిస్తే, అమ్మతో మాట్లాడే భాష పరీక్షకే రాదు. ఇది చిన్న లోటు కాదు.

అందువల్ల జిల్లా కలెక్టరూ, ఆరోగ్య సేవల జాయింట్ డైరెక్టరూ జిల్లాలోని ప్రతి స్కానింగ్ సెంటరూ పలుచని ముక్కలతో సహా పూర్తి డేటాను (డైకామ్ అనే డిజిటల్ ఫైళ్లను) రోగికి అదనపు రుసుము లేకుండా ఇవ్వాలని ఆదేశించాలి. ప్రమాద బాధితులకు మొదటి 48 గంటల వైద్యం ఉచితంగా అందించడానికి తమిళనాడు 2021 డిసెంబరులో ‘ఇన్నుయిర్ కాప్పోం’ పథకం తెచ్చింది. అందులో చేరిన ఆసుపత్రులు రోగిని పంపే ముందే స్కానును పంపాలన్న షరతు పెట్టాలి. రాష్ట్ర సరిహద్దు దీనికి అడ్డు కారాదు. రోగి వివరాల గోప్యతకు 2023 నాటి డేటా రక్షణ చట్టం ఉంది. అనుమతి తీసుకుని, భద్రమైన మార్గంలో పంపాలి. మాట పరీక్షలకు తెలుగు బొమ్మల సెట్లు, అంగీకార పత్రాలకు తెలుగు ప్రతులు సిద్ధం చేయాలి.

ఆదేశం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఇంట్లో ఎవరికి తల స్కాను తీసినా, బిల్లు కట్టే ముందే అడగండి: ‘ఫిలింతో పాటు డైకామ్ ఫైళ్లన్నీ, పలుచని ముక్కలతో సహా, సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో ఇవ్వండి.’